గాసి తాత నోట రాని పేరు

కిల్లో గాసి తాతకి రెండు మందలు. ఒకటి ఇంటి వెనక దడిలో ఉంటుంది, ఆకు మేసి పెంటికలు వేస్తుంది. రెండోది ఊరి రేడియో గదిలో, కంప్యూటర్ నల్ల తెర మీద ఉంటుంది, కరెంటు మేసి పాటలు పాడుతుంది. పొద్దున్నే రెండింటినీ ఒక్క తీరుగానే చూసుకుంటాడు. ఏది ఉంది, ఏది లేదు, ఏది కుంటుతోంది, ఏది మన దడిలోకి వచ్చిన పరాయిది.

డుంబ్రిగుడ చుట్టుపక్కల ఊళ్ళు కలిసి పెట్టుకున్న చిన్న రేడియో అది. పేరుకి తాత అక్కడ కాపలాదారు. ఒక వానాకాలం ఎలకలు మౌసు తీగని కొరికేశాయి. మౌసుతో నొక్కే బొమ్మల తెర ఇక ఎందుకూ పనికిరాలేదు. మిగిలింది నల్ల తెర, తెల్ల అక్షరాలు. రేడియో చూసే సత్యకుమారి పార్వతీపురం నుంచి వచ్చిన మనిషి, రోజూ పొద్దున్నే ఘాటు ఎక్కి రాలేదు. అందుకని ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతి సగంలో వదిలేసి మేకల వెనక పోయిన తాతకే నాలుగు ముక్కలు నేర్పింది.

"పీ, ఎస్ అని కొట్టి, అడ్డగీత పెట్టి ఈ, ఎఫ్ కొట్టు బాబాయ్. ఇప్పుడు లోపల ఏమేం పనులు నడుస్తున్నాయో అన్నీ వరసగా చూపిస్తుంది. ఒక్కో పనికి ఒక్కో వరస. మొదట ఆ పని ఎవరిదో వాళ్ళ పేరు, పక్కన దాని నంబరు, ఆ పక్కన దాన్ని పుట్టించిన పని నంబరు. చివర్లో అది ఏం చేస్తోందో ఉంటుంది."

తాత తెర వైపు చాలాసేపు చూశాడు.

"ఇందులో నేర్సుకోడానికి ఏటుందమ్మా? ఆసామి పేరు, సెవికి నంబరు, తల్లి నంబరు. మేకలే కదా."

సత్యకుమారి నవ్వింది. కానీ ఆ తరవాత ఆవిడ కూడా పొద్దున్నే ఫోన్ చేసి అదే అడిగేది. "బాబాయ్, మేకలన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా. పాటలేసేది ఉంది, రికార్డు సేసేది ఉంది. గడియారం సూసేది కుంటతంది."

"దాని నంబరు వేసి చంపెయ్. అదే మళ్ళీ పుడుతుంది."

"సంపీడం సులువమ్మా నీకు," అనేవాడు తాత, ఇంట్లో ఒక్క మేకని కోయాలన్నా రెండు రోజులు అన్నం మానేసే మనిషి.

పాస్‌వర్డ్ పెట్టుకోమన్నప్పుడు మాత్రం తాత తన తెలివంతా బయటపెట్టాడు. నీ నోట ఎవరూ విననిదేదైనా పెట్టు అంది సత్యకుమారి. తాత ఆలోచించాడు. మేకల పేర్లు ఊరందరికీ తెలుసు. పెళ్ళాం గంగ పేరు కొండ అవతలికి కూడా వినబడేలా అరుస్తాడు. తన నోట పుట్టి బుద్ధెరిగాక రానిది ఒక్కటే ఉంది. నేస్తం పేరు.

కొండమీద నేస్తం కట్టుకోవడం అంటే మామూలు స్నేహం కాదు. కుర్రతనంలో ఊరి దేవత నిసాని రాయి ముందు, ఒకే ఆకుదొప్పలో జీలుగు కల్లు తాగి, తువ్వాళ్ళు మార్చుకుని కట్టుకున్నారు తాతా, ఆయనా. అప్పట్నుంచి వాడి ఇంట్లో కీడు జరిగితే వీడు తల గొరిగించుకుంటాడు, వీడి పొలం ఎండితే వాడి గాదె తెరుస్తాడు. ఒకరి పేరు ఒకరు చచ్చేదాకా పలకరు. పలికితే కట్టు తెగినట్టే. ఊళ్ళో అందరికీ ఆయన పేరు తెలుసు, తాత ఇంట్లో కుండలకి కూడా ఆయన నేస్తమే. అందుకే ఈ కథలో కూడా వేళ వచ్చేదాకా ఆయన నేస్తమే.

నేస్తం యాత్రికులని చాపరాయికి, బొర్రా గుహలకి జీపులో తిప్పుతాడు. జీపు వెనక ఆయన పేరు ఎర్ర రంగుతో ఇంగ్లీషులో ఉంటుంది. తాత ఆ అక్షరాలు చూసి చూసి, వేలితో తొడ మీద రాసి రాసి, వెళ్ళి పాస్‌వర్డ్ కొట్టుకున్నాడు. అంటే తాత తాళంచెవి రోజూ లోయంతా దుమ్ము లేపుకుంటూ తిరిగేది. ఆ సంగతి తాతకి తట్టలేదు.

తట్టకపోగా, ఆ తెలివి కడుపులో దాచుకోలేకపోయాడు. ఒకరోజు కల్లు దగ్గర కూర్చుని నేస్తం చెవిలో వేశాడు.

"నా నోట రాని మాటే ఆ డబ్బాకి తాళం."

నేస్తం పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి నేస్తం! నన్నే తాళం సేసీనావా!"

తాత ఆ రోజంతా గాల్లో తేలాడు. నేస్తాల మధ్య తాళం ఉంటే తప్పు గానీ, నేస్తమే తాళమైతే అంతకన్నా ఏం కావాలి?

ఇక గంగ పాట. చైత్రంలో వచ్చే ఇటుకల పండక్కి మగాళ్ళు వేటకి పోయినప్పుడు, విత్తనాల బుట్ట ముందు కూర్చుని ఆడవాళ్ళు పాడే పాట అది. ఉత్త చేతులతో తిరిగొచ్చే మొగుళ్ళని ఏకిపారేస్తుంది. చైత్రం దాటితే ఎవరూ నోట పట్టరు. పడితే విత్తనం అలుగుతుందంటారు. పాట మొత్తం తెలిసిన వాళ్ళలో గంగే పెద్దది. ఆ పాట ఆవిడతోనే పోకూడదు, రికార్డు చేసుకుంటామని రేడియో వాళ్ళు అడిగితే గంగ ఒప్పుకోలేదు. చివరికి తాత ఇంటి ముందు మట్టి చేతిలోకి తీసుకుని మాటిచ్చాడు.

"పండగ రోజుల్లో తప్ప మోగదు. ఈ లోయ దాటదు. నాను కాపలా."

మొగుడి మాట మీద గంగ పాడింది. తక్కిన ఆడవాళ్ళు గంగ మాట మీద పాడారు.

మొన్న వానల్లో గంగ రాజ్‌మా బుట్టతో సంతకి పోతూ చాపరాయి దగ్గర ఆగింది. బొంగు చికెన్ అమ్మే చోట పెద్ద స్పీకరు. దానిలోంచి తన గొంతు. వెనకాల డబడబమని ఏవో మిషను దరువులు. నల్ల కళ్ళద్దాల కుర్రాళ్ళు దానికి గెంతుతున్నారు. గంగ సంతకి పోలేదు. బుట్ట నెత్తిన అలాగే ఉంచుకుని ఊళ్ళోకి వచ్చి, పాడిన ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని, రేడియో గది గుమ్మంలో నిలబడింది. ఆ వేళకి తాత బల్ల ముందున్నాడు, సత్యకుమారి పక్కన ఏదో రాసుకుంటోంది.

"ఏటయ్యా, ఎవుడికిచ్చినావు నా గొంతు?"

తాతకి అర్థం కాలేదు. గంగ విన్నదంతా చెప్పింది. చెప్పేకొద్దీ తాత మొహంలో రంగు దిగిపోయింది.

"నానివ్వలేదే."

"మట్టి ముట్టుకున్నది నువ్వు. తాళం నీది. నువ్వివ్వకపోతే పాటకి కాళ్ళొచ్చి నడిసెల్లిందా? తియ్, ఆ డబ్బాలో ఏటున్నదో నా ముందే తియ్."

తాత పీ, ఎస్ కొట్టాడు. అడ్డగీత పెట్టి, మొత్తం మంద కనబడే అక్షరాలు కూడా కొట్టాడు. వరసలు కిందికి జారాయి. పాటలేసేది ఉంది. రికార్డు చేసేది ఉంది. గడియారం చూసేది ఉంది. దాని కింద ఒకటి ఉంది. తాత ఎప్పుడూ చూడనిది. పొద్దున తను మేకలు తోలుకుపోయిన వేళ పుట్టింది. మొదట్లో ఆసామి పేరు చూసి తాత చెయ్యి ఆగిపోయింది.

గాసి.

సత్యకుమారి వంగి వరస చివరిదాకా చదివింది. నెమ్మదిగా అంది.

"బాబాయ్, ఒక పాట ముందే పోయినట్టుంది. ఇప్పుడు ఇది ఇటుకల పాటలున్న అర అంతటినీ బయట ఎక్కడికో పంపుతోంది. నీ పేరుతోనే నడుస్తోంది."

"సెప్పింది కదా డబ్బా," అంది గంగ. అరవలేదు. అరిచి ఉంటే తాతకి బాగుండేది. "ఇన్నేళ్ళు కాపరం సేసినాను నీతో."

తాత నంబరు వేసి ఆ పనిని చంపాడు. మళ్ళీ చూశాడు. పోయింది. ఇంకోసారి చూశాడు. అదే పని, కొత్త నంబరుతో, మళ్ళీ గాసి పేరుతో పుట్టి ఉంది.

పిల్ల ఎవరిదో తెలియనప్పుడు తల్లిని వెతకాలి. తాతకి ఆ ముక్క ఒకరు చెప్పక్కరలేదు. తల్లి నంబరు చూసి పైకి పోయాడు, ఆ తల్లికి తల్లిని చూసి ఇంకా పైకి పోయాడు. అక్కడ ఒక్క తేడా కనబడింది. తను కొట్టే పనులన్నిటికీ, ఎక్కడ కూర్చుని కొట్టారో చెప్పే చోట, ఈ బల్ల గుర్తే ఉంటుంది. దీనికి వేరే గుర్తు ఉంది. వేలు పెట్టి చూపించాడు.

"ఇది నా బల్ల కాదమ్మా."

సత్యకుమారి చూసి ఊపిరి పీల్చుకుంది. "కాదు. ఎవరో బయట్నుంచి, ఫోన్ లైన్ మీదుగా, నీ పాస్‌వర్డ్ కొట్టి నీ పేరుతో లోపలికొచ్చారు. బాబాయ్, నీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

తాత ముందు ఆ పెద్ద తల్లి నంబరు వేసి చంపాడు. మళ్ళీ మందని చూశాడు. ఈసారి కొత్తది పుట్టలేదు. తరవాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అడుగుతున్నాది కదా అమ్మ," అంది గంగ. "ఎవుడికి సెప్పినావు? ఏటా మాట?"

"నాను పలకలేను."

"పలకలేవా, పలకవా?"

తాత నేల చూశాడు. గంగ కూడా ఆ మొహం చూసి ఒక్క క్షణం ఆగింది. మొగుడు పలకలేని మాట లోకంలో ఒక్కటే ఉందని ఆవిడకి తెలుసు. కానీ ఆవిడ కూడా నోరు విప్పలేదు. నేస్తం ఇంటి గాదెలో గింజలు ఆవిడ కూడా తిన్నది.

అప్పుడే బయట జీపు ఆగింది. ఆడవాళ్ళని తప్పించుకుంటూ నేస్తం లోపలికొచ్చాడు.

"నేస్తం! ఏటిదీ, పండగలా ఇంతమంది పోగైపోనారు?"

ఎవరూ జవాబివ్వకముందే ఆయన జేబులో ఫోన్ మోగింది. జీపు తోలేవాడికి ఫోన్ ఎప్పుడూ స్పీకరులో పెట్టే అలవాటు. తీస్తూనే అవతలి గొంతు గదంతా వినబడింది.

"నేను జగన్నాథరావుని. పాటలు సగంలో ఆగిపోయాయి. ఆ ముసలాయన పాస్‌వర్డ్ ఏమైనా మార్చాడా? బేగి కనుక్కో."

నేస్తం ఫోన్ చెవికి నొక్కుకున్నాడు. "సిగ్నల్ పోనాది సారూ, తరవాత సేత్తాను," అని కట్టేశాడు. గదిలో అందరూ ఆయన్నే చూస్తున్నారు. తాత ఒక్కడే ఇంకా నేల చూస్తున్నాడు.

"రిసార్టు సారు," అన్నాడు నేస్తం. "మనోళ్ళ పాట పదిమందికీ ఇనిపిస్తానన్నాడు. నా జీపుకి రోజూ బేరాలిస్తానన్నాడు. పాటలే కదా నేస్తం, గాదెలో గింజలా? తీసినా నీకాడ నీ పాట ఉంటాది కదా."

నేస్తం తాత వైపు ఒక అడుగు వేశాడు.

"నువ్వేటి అనుకోవనే సెప్పినాను. ఆడికిచ్చింది నా పేరే కదా. నా పేరు నానిచ్చుకున్నాను, తప్పేటి?"

తాత తలెత్తాడు. "లోపలికొచ్చి దొంగతనం సేసింది నా పేరు."

"నేస్తం..."

తాత లేచాడు. మనిషి కళ్ళలోకి చూసి పలికాడు.

"సుక్రు."

గుమ్మంలో ముసలమ్మ ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుక్రు చెంప మీద కొట్టినట్టు వెనక్కి జరిగాడు. ఏదో అనబోయాడు. నోరు నేస్తం అనే మాటకే అలవాటు పడి ఉంది, అది సగం దాకా వచ్చి ఆగింది.

"సుక్రు," అన్నాడు తాత మళ్ళీ, కొత్త మాట రుచి చూస్తున్నట్టు. "జీపు దారికి అడ్డంగా ఉన్నాది. తీసెయ్."

జీపు పోయింది. దాని వెనక ఎర్ర అక్షరాలు మలుపు తిరిగేదాకా గుమ్మంలో వాళ్ళకి కనబడ్డాయి.

"పాట?" అంది గంగ.

"ఎల్లిపోయింది ఎల్లిపోయిందే గంగీ. అది రాదు. ఇంకోటి ఎల్లదు."

సత్యకుమారి కుర్చీ తాత వైపు తిప్పింది.

"రిసార్టు వాళ్ళతో నేను మాట్లాడతాను. నువ్వు ముందు పాస్‌వర్డ్ మార్చెయ్ బాబాయ్. నీ నోట ఎవరూ విననిది పెట్టు."

తాత కూర్చున్నాడు. వేళ్ళు మీటల మీద పెట్టాడు. కొత్త మాట అడుగుతూ తెర మీద తెల్ల గీత వెలిగి ఆరుతోంది. చాలాసేపు వెతుక్కున్నాడు. తన నోట రాని మాట ఇంక ఒక్కటీ మిగల్లేదు.

ఆ తెర మీద పాస్‌వర్డ్ కొడితే చుక్కైనా పడదు, పక్కన ఎవరు నిలబడి చూసినా ఏమీ కనబడదు. గంగకి ఆ సంగతి తెలియదు. రాజ్‌మా బుట్ట కింద దింపి, గోడ వైపు తిరిగి నిలబడింది.

"నాను సూడను," అంది. "రాసుకో."