ముందు నాకెయ్యి

టేకులపల్లి అడవి పల్లెల్లో నేను నర్సుగా చేసినప్పుడు, ఒక తల్లి మూడు వారాలకోసారి కూతురిని ఇంజక్షన్‌కు తీసుకొచ్చేది. ఆరో తరగతి పిల్ల. కీళ్లజ్వరం వచ్చి గుండె కవాటం పాడైంది; ఆ జ్వరం మళ్లీ వచ్చి గుండె ఇంకా పాడవకుండా ఈ ఇంజక్షన్.

తల్లే ముందు చెయ్యి చాపేది. “ముందు నాకెయ్యి సిస్టరమ్మా, బిడ్డకు భయం పోతది.” సూది లేని సిరంజి ఆమె చేతికి ఆనించేదాన్ని. “చూడు బిడ్డా, ఏం నొస్తలేదు” అనేది నవ్వుతూ.

కీళ్లనొప్పులు తగ్గాయని ఇంజక్షన్లు మానిపించి, మిర్చి ఏరడానికి మధిర వైపు పోతూ పిల్లనూ తీసుకుపోయింది. నొప్పే లేనప్పుడు సూదెందుకో నేను సరిగ్గా చెప్పలేకపోయాను. తిరిగొచ్చాక పిల్ల ఆయాసంతో అంబులెన్సులోనే చనిపోయింది.

మళ్లీ ఇంజక్షన్ రోజున తల్లి ఒక్కతే వచ్చి చెయ్యి చాపింది.

“ఈసారి సూది పెట్టి పొడువు సిస్టరమ్మా. నొస్తలేదని దానికి అబద్ధం చెప్పిన. ఎంత నొచ్చేదో చూస్త.”