పదికి రెండు

శిక్షణకని పెనుకొండకు పిలిచి, ఇకమీదట పిల్లల చేతే మార్కులు వేయించమన్నారు. ఎవరి రాతకు వాళ్లే వేసుకోవాలి, పక్కవాళ్ల రాతకు కూడా వేయాలి. మధ్యాహ్నం భోజనం బాగుంది కాబట్టి నేను ఎదురు చెప్పలేదు.

ధర్మవరంలో నా తొమ్మిదో తరగతికి 'మా ఇంట్లో వాన' అని వ్యాసం రాయమని చెప్పి, కాగితాలు పక్కవాళ్లకు మార్పించాను. అందరికీ పదికి పది వచ్చాయి. ఆ తరగతిలో సగం మంది ఒకరికొకరు మామ కూతురో చిన్నాయన కొడుకో.

"తక్కువేస్తే మా అత్త మాట్లాడదు మేడమ్," అన్నాడొకడు.

పెనుకొండలో ఈ అత్త సంగతి ఎవరూ చెప్పలేదు.

సొంత మార్కుల దగ్గరా అంతే ధారాళం, ఒక్క పిల్ల తప్ప. పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల. వాననీళ్లు మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలోకి దిగడం గురించి రాసింది. సాయంత్రం హిందూపురం రైల్లో ఇంటికి పోతూ దాన్ని రెండోసారి చదువుకున్నాను, అంత బాగుంది. తనకు మాత్రం పదికి రెండు వేసుకుని, కింద తప్పులన్నీ రాసిపెట్టింది.

ఎందుకిట్లా అని మర్నాడు అడిగాను.

"అంగడికి చీర తీసుకపోతే, పోగు తెగిన తావు నాయనే ముందు చూపిస్తాడు మేడమ్. బాగుండేది అంగడోళ్లు చూసుకోవల్ల," అంది.

నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట తల్లిదండ్రుల సమావేశం దాకా నిలిచింది.

తొమ్మిదితో చదువు మాన్పించి ఆ పిల్లను మగ్గం మీద కూర్చోబెట్టాలని వాళ్ల నాయన అనుకుంటున్నాడని నాకు తెలియదు. కూతురి నిజాయితీకి మురిసిపోతాడనుకుని కాగితం నేనే చేతికిచ్చాను.

"రెండేనా?" అన్నాడు. "సదువు రాలేదని పాపే చెప్తాండాది గదా మేడమ్. ఇంకేల?"

"పక్క పిల్ల పది వేసింది చూడండి."

"అది మా చెల్లెలి కూతురు. అట్లనే ఏస్తాది."

శిక్షణలో నేర్చుకున్నదంతా అక్కడికి అయిపోయింది. పిల్ల తల వంచుకుని నిలబడింది. చేజేతులా దాని చదువు నేనే చెడగొట్టాను.

"మీరైతే ఎంతేస్తారు?" అన్నాడాయన.

పది అనబోయి ఆగాను. పది అంటే ఈయన నమ్మడు.

"తొమ్మిది."

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఆ ఒకటి యాడ పోయింది?"

చివరి వాక్యం మీద వేలు పెట్టాను. "నీళ్లు గుంతలోకి దిగాయని రాసి ఆపేసింది. తర్వాత ఏమైందో రాయలేదు."

ఆయన వ్యాసమంతా మొదటినుంచీ చదివాడు, పెదవులు కదుపుతూ, నిదానంగా. చదివి కూతురి వైపు తిరిగాడు.

"నీళ్లు తోడింది నేనూ మీయమ్మా. నువ్వప్పటికే నిద్రపోతివి, నీకేం తెలుస్తాది?" అన్నాడు. "నేను చెప్తాలే. పదో తరగతిలో రాద్దువు."