వైరా నీళ్లలో వల

నేను చెప్పే ప్రతి కథలోనూ కనీసం ఒక మొసలైనా ఉంటుంది. కిన్నెరసానిలో ఒక మొసలి నా చెప్పు ఎత్తుకుపోయి, సైజు సరిపోక మర్నాడు గట్టుమీద పెట్టి పోయిందని మా చుట్టాల్లో సగంమంది నమ్ముతారు. మిగతా సగానికి ఆ చెప్పు చూపించాను.

మా అక్క కూతురికి ఆ నోరు పనికొచ్చింది. ఇప్పుడంటే పేపర్లో ఫొటో పడుతోంది గానీ, పద్నాలుగో ఏట ఐదు కిలోమీటర్ల ఈత పోటీకని వైరా రిజర్వాయర్‌లో దిగిన మొదటిరోజు మోకాళ్ల లోతులోనే నిలబడిపోయింది. ఖమ్మం స్విమ్మింగ్ పూల్లో అడుగున నల్లగీత ఉంటుంది, దాని వెంట పోవచ్చు. ఇక్కడ తన చెయ్యి తనకే కనబడదు.

"కింద ఏముంటది మామా?"

"బురద. దాంట్ల మీ అమ్మమ్మ పోగొట్టుకున్న ముక్కుపుడక."

"గట్లనే ఏదో ఒకటి చెప్పుకుంట రా. నీ గొంతు ఇనబడితే పక్కన మనిషున్నడని తెలుస్తది."

ఆమె ఊపిరి ఎడమవైపే తీస్తుంది. అందుకని చేపలు పట్టే తాత ఒకాయన తన గుండ్రటి పుట్టి పడవను ఆమెకు ఎడమపక్కన నడిపేవాడు. ఈత రాని నేను అందులో కూర్చుని వాగేవాణ్ణి. రబ్బరు టోపీ చెవులు మూసేస్తుంది కాబట్టి మాటలు తెలియవు, గొంతు మాత్రమే అందుతుంది.

ఒక ఉదయం గాలికి గుర్రపుడెక్క కొట్టుకొచ్చింది. దాని నడుమ తెల్లటి థర్మాకోల్ ముక్కలు వరసగా తేలుతున్నాయి. తాత తెడ్డు ఆపాడు.

"వల. నాది గాదు, ఎవడో ఏసిండు."

వల దారం నీళ్లలో కంటికి ఆనదు. చేతులు తిప్పుతూ అందులోకి పోతే, ఎంత కొట్టుకుంటే అంత చుట్టుకుంటుంది. పిల్ల సూటిగా దానివైపే పోతోంది.

"ఆగు బిడ్డా, వల" అని అరిచాను. ఆగలేదు. ఎందుకాగుతుంది? కథలో మొసలి వచ్చినప్పుడల్లా అలాగే అరుస్తాను మరి. మళ్లీ అరిస్తే ఇంకా ఊపుగా ఈదింది. తాత అడ్డం పోదామని తెడ్డు వేస్తే పుట్టి గిర్రున తిరిగింది. నేను మెడ తిప్పి చూసేసరికి ఆమెకూ ఆ ముక్కలకూ మధ్య బిందెడు నీళ్లున్నాయేమో. నోరు తెరిచాను. గొంతు రాలేదు.

ఒక బార వేసింది. తల ఎడమకు తిప్పింది. ఆగింది. నీళ్లలో నిటారుగా లేచి, టోపీని చెవిమీద నుంచి లాగింది.

"ఏంది మామా, ఆపినవ్?"

నేను వేలు చూపించాను.

"ఇగ కథలు పడకు" అని నవ్వుతూ చెయ్యి చాపింది. వేళ్లకు దారం తగిలింది. నవ్వు పోయింది. చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని పుట్టి అంచును రెండు చేతులా పట్టుకుంది.

"ఎక్కు బిడ్డా. ఇయ్యాల్టికి చాలు."

"ఇప్పుడు ఎక్కితే రేపు దిగను మామా."

తాత వల చివర ఎక్కడుందో వెతికి, చుట్టూ తిరిగి పోయే దారి చూపించాడు. ఆమె అంచు వదిలింది.

"మాట్లాడు."

ఒక్క మొసలీ దొరకలేదు నాకు. కట్ట కనబడుతోంది, కట్టమీద మీ అమ్మ, భుజాన తువ్వాలు, అదిగో నీటికాకి అంటూ కంటికి ఆనినదల్లా చెప్పుకుంటూ పోయాను. ఆమె ముఖం నీళ్లలోకి పోయిన ప్రతిసారీ, ఆ నోరు మళ్లీ ఎడమకు తేలేదాకా, ఏం చెబుతున్నానో నాకే తెలియలేదు.