మరియెల్ చెప్పుకున్న చోటు

అల్మాగ్రో అనే పేటలో రమోనా ప్యాంట్ల అంచులు మడిచి కుట్టి బతుకుతుంది. డిసెంబరులో సముద్రతీరానికి వెళ్తున్న బస్సు బోల్తా పడి ఆమె ఒక్కగానొక్క కూతురు మరియెల్ చనిపోయింది. మా బ్వేనోస్ ఐరెస్‌లో మనిషికి కష్టం వస్తే ఇరుగుపొరుగు అన్నం తెచ్చినా తేకపోయినా, తమ కౌన్సెలర్ ఫోన్ నంబరు మాత్రం తెచ్చిస్తారు.

"మా కౌన్సెలర్ దగ్గరికి పోక్కా. ఏళ్ళ తరబడి పోతున్నా, చూడు ఎంత నిమ్మళంగా ఉన్నానో," అన్నాడు బేకరీ రూబెన్.

"నిమ్మళం ఎక్కువయ్యే రొట్టెలు మాడుస్తున్నావు!" అంది వరుసలో ఉన్న ముసలామె.

అందరూ నవ్వారు. రమోనా నంబరు తీసుకోలేదు. ఆమెకు కావలసింది గ్రిసెల్దా అనే కౌన్సెలర్ ఒక్కతే. మరియెల్ మంగళవారం మంగళవారం వెళ్ళింది ఆమె దగ్గరికే.

ఆఖరి ఆదివారం భోజనాల దగ్గర తల్లీకూతుళ్ళకు మాటా మాటా పెరిగింది. "నీ గోడు వినడానికి డబ్బిచ్చి మనిషిని పెట్టుకున్నావుగా! పో, ఆవిడకే చెప్పుకో," అంది రమోనా. మంగళవారం మరియెల్ అక్కడికి వెళ్ళింది. గురువారం బస్సెక్కింది. ఆ మంగళవారం ఏం చెప్పుకుంది? తల్లి మీద కోపంతోనే పోయిందా? రమోనాకు తెలియాల్సింది అదే.

ఒకే ఇంటివాళ్ళను ఇద్దరిని ఒకే కౌన్సెలర్ చూడరని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. అయితే రమోనాది పుట్టింటి పేరు, కూతురిది తండ్రి పేరు. ఫోన్లో పోల్చుకునే వీల్లేదు. మా దేశంలో వేసవి నెలలైన జనవరి, ఫిబ్రవరుల్లో కౌన్సెలర్లెవరూ ఊళ్ళో ఉండరు. మార్చిలో గ్రిసెల్దా తిరిగి రాగానే రమోనా వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుంది.

"నా నంబరు ఎవరిచ్చారండీ?" కొత్తగా వచ్చినవాళ్ళందరినీ అడిగినట్టే అడిగింది గ్రిసెల్దా.

ఈ ప్రశ్నకు రమోనా అబద్ధమేదీ సిద్ధం చేసుకోలేదు. "మరియెల్."

గ్రిసెల్దా ముఖం విప్పారింది. "అలాగా! ఎలా ఉంది తను? సెలవుల తర్వాత రానేలేదు. ఫోన్ చేసినా పలకలేదు. ఇక మానేసిందేమో అనుకున్నాను."

అంటే ఈవిడకు తెలియదు. అడగడానికి వచ్చిన రమోనాయే చెప్పాల్సి వచ్చింది.

"నేను దాని అమ్మనండీ," అని మొదలుపెట్టింది. మిగతాది ముక్కలు ముక్కలుగా వచ్చింది.

గ్రిసెల్దా కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆఖరిసారి నా గురించి ఏమందమ్మా? తిట్టినా సరే, చెప్పండి."

"చెప్పకూడదండీ. ఆ మాటలు తనవి."

"పోయినదాని బట్టలు నాకిచ్చారు, చెప్పులిచ్చారు. మాటలు ఇవ్వకూడదా?"

"ఇవ్వాలనే ఉంది." అంది గ్రిసెల్దా. "నా వల్ల కాదు. మిమ్మల్ని నేను చూడనూ కూడదు. మంచి మనిషి ఒకరున్నారు, నంబరు ఇస్తాను. ఈ గంట అయ్యేదాకా మాత్రం ఇక్కడే కూర్చోండి."

రమోనా కూర్చుంది. కుర్చీ చేతి మీద బట్ట ఒకచోట అరిగిపోయి ఉంది. ఇక్కడ కూర్చుని చెప్పుకున్నవాళ్ళు గోళ్ళతో గీరిన చోటు. రమోనా దానిమీద అరచెయ్యి పెట్టుకుంది.

తర్వాత వీధి తలుపు తాళం తీయడానికి గ్రిసెల్దా కూడా లిఫ్టులో కిందికి వచ్చింది.

"పోనీ ఇదొక్కటి చెప్పండి. వెళ్ళేటప్పుడు ఏడుస్తూ వెళ్ళిందా?"

గ్రిసెల్దా చెయ్యి తాళంచెవి మీదే ఆగిపోయింది. చెప్పడానికి నోరు తెరిచి, మూసేసింది. తర్వాత తాళం తిప్పి, తలుపు తెరిచి పట్టుకుంది.