ఇస్త్రీ గదిలో కట్టిన పాటలు

మా అమ్మ పెళ్లికి ముందు ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేది. పొడవాటి గది, ఆవిరి పట్టిన కిటికీ అద్దాలు, వరసగా బల్లలు. పక్క బల్ల దగ్గర ఆమె నేస్తం. ఊరికే అలిగే ఆమెకు అమ్మ పెట్టిన పేరు బుంగమూతి. నోరు మూయని అమ్మకు ఆమె పెట్టిన పేరు వసపిట్ట. బొత్తాలూడిన చొక్కా మీదా, జత తప్పిన సాక్సు మీదా ఇద్దరూ పాటలు కట్టి పాడుతుంటే గదంతా గొల్లున నవ్వేదట.

లాండ్రీ మూతపడిన రోజు ఏదో చిన్న మాటకు బుంగమూతి అలిగింది. ఈసారి అమ్మ బతిమాలలేదు. ఎవరి దారి వాళ్లదైపోయింది.

ఏళ్లు గడిచాయి. అమ్మ నా పిల్లలకు ఆ పాటలు పాడుతుంటే విన్న ఒక ప్రచురణకర్త, బొమ్మలతో పుస్తకం వేస్తానన్నాడు. “ముందు కాపీరైట్ రిజిస్టర్ చేయించుకోండమ్మా. రేపెవరైనా మావే అంటే తలనొప్పి” అన్నాడు.

రిజిస్ట్రేషన్ కోసం అమ్మను ఆఫీసుకు తీసుకెళ్లాను. దరఖాస్తులో రచయిత పేరు రాయబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

“ఆగవే. ఇవి నేనొక్కదాన్నే కట్టానా?”

“ఆవిడిప్పుడు ఎక్కడుందో ఏమో అమ్మా!”

“ఎక్కడో ఉంటే? పుస్తకం చూసి మళ్లీ అలిగితే?”

నవ్వుతూనే అంది గానీ కళ్లు చెమర్చాయి. దరఖాస్తు మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాం.

లాండ్రీ యజమాని కూతురిని పట్టుకుంటే ఆచూకీ దొరికింది. బుంగమూతి ఒక టైలర్ షాపు పై గదిలో ఉంటోంది. తలుపు తీసి, అమ్మను ఎగాదిగా చూసి, “ఇప్పుడా రావడం?” అని లోపలికి వెళ్లిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

అమ్మ వెనకాలే వెళ్లి, ఏమీ చెప్పకుండా సాక్సు పాట అందుకుంది. ఇంట్లో ఆ పాట పాడేటప్పుడు ఒక వరస పాడి, కాసేపు ఊరుకుని, మళ్లీ అందుకునేది. పాటే అంతేమో అనుకునేవాళ్లం. ఆ రోజు అమ్మ ఆగిన చోటల్లా బుంగమూతి అందుకుంది. నా తల నెరుస్తున్న వయసులో, అమ్మ పాటను మొదటిసారి పూర్తిగా విన్నాను.

తర్వాత పోట్లాట మొదలైంది.

“ఈ చరణం నాదే!”

“అబ్బో! ప్రాస కుదరక నా ప్రాణం తీశావు, మర్చిపోయావా?”

ఎంతకీ తేలక, అన్నీ ఇద్దరివీ అని రాయమన్నారు. అలాగే రాశాను.

ధ్రువపత్రం వానాకాలంలో వచ్చింది. అది పట్టుకుని అమ్మ పొద్దున్నే బుంగమూతి దగ్గరికి వెళ్లిపోయింది. సాయంత్రం తీసుకురావడానికి నేను వెళ్లేసరికి మెట్ల మీదికే గొంతులు వినిపిస్తున్నాయి. ఇద్దరూ గొడుగు మీద కొత్త పాటేదో కడుతున్నారు. కింద టైలర్ మిషను ఆపి వింటున్నాడు. పిలవాలనిపించక నేనూ మెట్టు మీద కూర్చున్నాను.