మా బావ విప్పిన వాల్వు పెట్టె

మా బావ పోయాడు. పోయిన నెలలో, పొద్దున్న పూట. నేను తార్‌బహార్ బజారులో కూరలు ఏరుకుంటూ ఉంటే, వాళ్ళ పక్కింటి రైల్వే గార్డుగారి కోడలు రిక్షా ఆపించి దిగింది.

"బాబాయ్, పెద్దాయన లేవడం లేదు. ఆంటీ పక్కన కూర్చుని పిలుస్తూనే ఉన్నారు" అంది. కూరల సంచీ అక్కడే వదిలేసి ఆ రిక్షాలోనే వెళ్ళాను.

మన తెలుగు సంఘం వాళ్ళు బావ గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. నాది మా ఊరి బడి చదువు. మాట్లాడడమే తక్కువ, రాయడం ఇంకా తక్కువ. అయినా మన దసరా పందిట్లో మా అక్క గిటారు విన్నవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. ఆ గిటారు వెనక ఒక చెక్కపెట్టె ఉండేది. ఆ పెట్టె వెనక ఆయన ఉండేవాడు. అందుకని రాస్తున్నాను.

అక్కది ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించే గిటారు. పెళ్ళయి బిలాస్‌పూర్ వచ్చాక వెనక లైనులో ఉండే బెంగాలీ టీచరమ్మ దగ్గర నేర్చుకుంది. కరెంటు గిటారు కాబట్టి యాంప్లీ, అదే ఆ చెక్కపెట్టె, లేకపోతే దాని పాట ఒడి దాటి రాదు. ఆ యాంప్లీ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరుది. ఆయన ఊరు వదిలిపోతూ బావకిచ్చాడు. గాజు వాల్వులతో నడిచే పాతకాలం సరుకు. స్విచ్చి వేస్తే వెంటనే పలకదు. వాల్వులు మెల్లగా ఎర్రబడాలి, పెట్టె వేడెక్కాలి, అప్పుడు గొంతు విప్పుతుంది.

బావ రైల్వే లోకో షెడ్డులో ఎలక్ట్రికల్ ఫిట్టరు. సుత్తి దెబ్బల మధ్య, ఇంజన్ల మధ్య ఏళ్ళు గడిపినవాడు. సన్నని చప్పుళ్ళు ఆయనకు వినబడేవి కావు. దానికి సిగ్గుపడేవాడు కాదు.

"నా సెవులు షెడ్డుకిచ్చీసేనురా. మీ అక్క మొకం సూస్తే సాలు, నాకు వినబడిపోతాది" అనేవాడు.

నిజంగా అలాగే చేసేవాడు. యాంప్లీలో చిటపటలు వస్తే వెనక పలక విప్పి, ఒక్కో వాల్వునీ చెక్క పెన్సిలుతో మెల్లగా తట్టేవాడు. కళ్ళు మాత్రం వాల్వు మీద ఉండేవి కావు, అక్క ముఖం మీద ఉండేవి. పాడైన వాల్వు మీద పెన్సిలు పడగానే స్పీకరులో టంగుమనేది. అక్క కనుబొమలు ముడిపడేవి. "అచ్ఛా, నువ్వేనా దొంగవి" అని ఆ వాల్వు పీకి పక్కన పెట్టేవాడు. ఇంకో మరమ్మతుకారుడు ఎవరైనా ఇలా చేస్తాడో లేదో నాకు తెలియదు.

పని చేస్తున్నంతసేపూ ఎడమ చెయ్యి జేబులోనే. టార్చి పట్టుకోవడం నా పని. ఒకసారి నేను ప్లగ్గు పీకేశాం కదా అని పెట్టెలో వేలు పెట్టబోతే గట్టిగా కసిరాడు. "కరెంటు పోయినా ఇది ఎంటనే సల్లారిపోదురా. లోపల కొంత దాసుకుంటాది. రెండు సేతులూ పెడితే దెబ్బ గుండెలోంచి పోతాది. ఒక సెయ్యి జేబులో ఉంటేనే మనిషి మిగుల్తాడు."

అది నిజమే. అక్క వాయిస్తుండగా కరెంటు పోతే పాట టక్కున తెగేది కాదు. సన్నబడుతూ, సన్నబడుతూ ఆగేది. అప్పుడు అక్క కడ్డీ పక్కన పెట్టి నవ్వేది.

ఎనభైలు అయిపోతున్న రోజుల్లో ఒక ఆదివారం అక్క పాట మధ్యలో వాయించడం ఆపేసింది.

"ఇదిగో, సౌండు మసకేసింది" అంది.

"ఏటి, గుయ్యిమంటందా?"

"నేదు. పైతీగ పలకట్లేదు. గుడ్డ కప్పినట్టుంది."

నాకు బాగానే వినిపించింది. నోరు తెరిచి ఆ మాట అన్నాను కూడా. బావ నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు ఊళ్ళో డప్పు విన్నోడివి. నీకేటి తెల్సురా గిటారు సంగతి? టార్చి పట్టు."

అలా మొదలైంది. వాల్యూము తిప్పే మీటను స్పిరిటుతో కడిగాడు. మొదటి వాల్వు మార్చాడు. అక్క ముఖం చూశాడు. లేదు. ఎండిపోయిన కండెన్సర్లు పీకి కొత్తవి అతికించాడు. లేదు. స్పీకరు కాగితం చిరిగిందేమోనని వేలితో తడిమి చూశాడు. ప్రతి ఆదివారం ఏదో ఒకటి మార్చడం, అక్క ముఖం వైపు చూడడం. ఆ ముఖంలో ఏమీ కనిపించేది కాదు. దసరాకి పందిట్లో వాయించనని అక్క చెప్పేసింది. "ఈ పెట్టెతో నా పరువు తీసుకోనా?" అంది. బావకి ఆ మాట షెడ్డులో మెమో ఇచ్చినట్టు తగిలింది.

చివరికి స్పీకరుకి ముందుండే ట్రాన్స్‌ఫార్మర్ మీద అనుమానపడ్డాడు. తార్‌బహార్‌లో రేడియోలు బాగుచేసే ముసలాయన చేత కొత్తది చుట్టించాడు. ఆ మధ్యాహ్నం అక్క గిటారు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. బావ దాన్ని బిగించి స్విచ్చి వేశాడు. రెండు తీగలు అటుది ఇటు, ఇటుది అటు అతికించాడని తర్వాత తెలిసింది. పెట్టె వేడెక్కగానే ఒక సన్నని కీక పెట్టింది. చెవిలో సూది దించినట్టు ఉంది. నేను టార్చి పడేసి చెవులు మూసుకున్నాను. వీధిలో కుక్కలు అరిచాయి. గార్డుగారు గోడవతల నుంచి, "క్యా హో గయా భాయ్! ఇంట్లోకి ఇంజను తెచ్చీసేవేటి?" అని కేకేశాడు.

బావకి ఆ కీక వినబడలేదు. అలవాటు చొప్పున అక్క ముఖం చూశాడు. అక్క చేతిలో కడ్డీ పట్టుకుని ఓపిగ్గా కూర్చునుంది.

"ఏటి, ఇంకా ఆన్ సెయ్యలేదా?" అంది.

బావ చెవులు మూసుకున్న నన్ను చూశాడు. మళ్ళీ అక్కని చూశాడు. స్విచ్చి తీసేశాడు.

"నేదు. తీగ ఊడింది. వచ్చే వారం సేద్దాం" అన్నాడు.

ఆ తర్వాత అక్కని రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చెవి నరం చచ్చిపోతోంది, మందు లేదు, మిగిలింది కూడా పోతుంది అన్నారు. చెవికి పెట్టుకునే మిషను ఇప్పించాడు. అందులో గిన్నెల మోత తప్ప ఏమీ రావడం లేదని అక్క దాన్ని డబ్బాలో పడేసింది. "అది వాల్వులది కాదు కదేటి, దానికేటి తెల్సు" అన్నాడు బావ. ఎవరమూ నవ్వలేదు.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. ట్రాన్స్‌ఫార్మర్ తీగలు సరిచేశాడు. ఆ తర్వాత కూడా పెట్టె విప్పుతూనే ఉన్నాడు. తొంభైల్లో వాల్వులు దొరకడమే మానేశాయి. కలకత్తా వెళ్ళేవాళ్ళని అడిగి తెప్పించేవాడు. సగం వచ్చేసరికి పగిలిపోయి ఉండేవి. నేను ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"బావా, పెట్టె బాగానే ఉంది కదా. ఇంకా ఎందుకు విప్పుతున్నావు?"

"నేను విప్పగలిగింది ఇదొక్కటే కదరా" అన్నాడు.

వాళ్ళకి పిల్లలు లేరు. రిటైరయ్యాక ఆ గదిలో ఇద్దరే. ఆయన పలక బిగించి తలెత్తి చూసేవాడు. అక్క ఒకసారి కడ్డీ జార్చి, "కొంచెం వచ్చినట్టుంది" అనేది. ఏమీ రాలేదని ఇద్దరికీ తెలుసు. తర్వాత తర్వాత ఆ మాట అనడం కూడా మానేసింది. ఆయన చూడడం మానలేదు.

ఆ రోజు నేను వెళ్ళేసరికి అక్క ఇంకా పిలుస్తోంది. ఆయన పలికినా ఆమెకి వినబడదు. అందుకే ఎప్పుడు ఆపాలో ఆమెకి తెలియలేదు. నేను భుజం మీద చెయ్యి వేశాను. అప్పుడు ఆపింది.

కార్యక్రమాలు అయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఒక మధ్యాహ్నం అక్క గిటారు ఒళ్ళోకి తీసుకుని పెట్టె వైపు చెయ్యి చూపించింది. అన్నేళ్ళూ టార్చి పట్టడమే గాని ఆ స్విచ్చి నేనెప్పుడూ వెయ్యలేదు. వేశాను. వాల్వులు ఎర్రబడేదాకా ఇద్దరం ఆగాం. అక్క తీగల వైపు చూడలేదు, నా ముఖం వైపు చూసింది. కడ్డీ జార్చింది.

గుయ్యిమనడం లేదు. చిటపట లేదు. పైతీగ అంత శుభ్రంగా పలకడం నేను పందిట్లో కూడా వినలేదు. ఏ ఆదివారం చేసిన పనో, ఎన్ని ఆదివారాల పనో. అంతా అందులో ఉంది. వినేవాడిని నేనొక్కడినే ఉన్నాను.

"ఎలగుందిరా?" అంది.

తల ఊపాను. ఆమె కళ్ళు నా ముఖం మీదే పెట్టి వాయించుకుంటూ పోయింది.

మధ్యలో కరెంటు పోయింది. పెట్టె దాచుకున్నదంతా ఇచ్చుకుంటూ వచ్చింది. పాట సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది. వాల్వుల్లో ఎరుపు నల్లబడింది. తీగల మీద కడ్డీ జారే గీరుడు మాత్రం వినిపిస్తోంది. అక్క ఆపలేదు. నా ముఖం చూస్తూనే ఉంది. పాట ఇంకా వింటున్నట్టే నేను ముఖం కదపలేదు.