రెండు సంచుల ప్రస్థానం

రాజమండ్రి దానవాయిపేటలో సూర్యప్రకాశం గారిని ఏది అడిగినా ముందు ఎడమ చెవి తమ్మె నిమురుకుంటారు. కాఫీయా, టీయా అన్నా అంతే. ఈ వారం రోజుల్లో ఆ చెవి కాస్తా ఎర్రబడిపోయింది. బెంగుళూరులో తమ్ముడు మణిశంకర్‌కి శుక్రవారం గుండె ఆపరేషన్. కారులో వెళ్లాలా, విమానంలో వెళ్లాలా? ఇస్త్రీ బండి దగ్గరా అదే ప్రశ్న, పాలకేంద్రం దగ్గరా అదే ప్రశ్న. "మీరైతే ఎలా వెళ్తారండీ?" మేనల్లుడి కారు సిద్ధంగానే ఉంది కానీ, పదిహేను గంటలు కూర్చుంటే నడుం పట్టేస్తుంది. విమానమైతే గంటన్నరే, పైన ఊపిరాడదేమోనని దిగులు. సోమవారం మంచి ఘడియ ఉందని ప్రస్థానం పెట్టారు. ఆ వేళకి ఒక సంచి పొరుగింట్లో ఉంచితే ప్రయాణం మొదలైనట్టే. మనిషి మూడు రోజుల్లోగా కదిలితే చాలు. ఆయన మాత్రం రెండు సంచులు పెట్టారు. ఏడు కిలోలకి తూచిన విమానం సంచి ఎదురింట్లో, మాగాయ జాడీ ఉన్న కారు సంచి పక్కింట్లో.

గురువారం మధ్యాహ్నం ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు ప్రయాణం చీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"ఏ సంచి తెమ్మంటారండీ?"

ఆయన చెయ్యి చెవి మీదకి వెళ్లింది. అంతలో ఫోన్ మోగింది.

"అన్నయ్యా, బయల్దేరావా?" అవతల మణిశంకర్.

సూర్యప్రకాశం గారు పడక్కుర్చీలోంచి లేవకుండానే, "సోమవారమే బయల్దేరాన్రా" అన్నారు.